తొమ్మిదివందల తొంభై మూడో తలుపు

లింగిశెట్టి వీధిలో, బేరింగుల కొట్టు పైన,
గ్రీజు వాసన వేసే గదిలో
సర్వర్ పెట్టాను.
వానాకాలం నీళ్ళు మెట్లెక్కుతాయని
అటక మీదికి చేర్పించారు దామోదరం గారు.
దాని పక్కన ఎర్రబట్ట అట్టల చిట్టా పుస్తకాలు,
ఒక చెయ్యి విరిగిన త్రాసు.
"మన ఉత్తరాలు మన కొట్లోనే ఉండాలమ్మా,
ఇనప్పెట్టెని ఎవరైనా పరాయింట్లో దాచుకుంటారా?"

అంతకుముందు ఏం జరిగిందో అందరికీ తెలుసు,
ఎవరూ ఎత్తరు.
కోయంబత్తూరు కంపెనీ పేరు మీద ఒక ఉత్తరం.
ఎల్ ఉండాల్సిన చోట ఒకటి అంకె, అంతే తేడా.
మా బ్యాంకు ఖాతా మారినది, దయచేసి గమనించగలరు.
గమనించారు.
మూడు లక్షల నలభై వేలు
సాంబారు గిన్నె మూత తీసేలోపు వెళ్ళిపోయాయి.

సర్వర్‌కి అరవై అయిదు వేల పైచిలుకు తలుపులు.
నాలుగు ఉంచి మిగతావన్నీ మూశాను.
మా పేరుతో ఎవరు రాయొచ్చో ఊరందరికీ కనపడేట్టు ప్రకటించాను.
పోయే ప్రతి ఉత్తరానికీ
చెరిపితే తెలిసిపోయే వేలిముద్ర వేశాను.
అయినా మొదటి వారం అన్నీ స్పామ్‌లోనే పడ్డాయి.
మాకిచ్చిన ఐపీ అడ్రసులో
మాకు ముందు ఎవడో దొంగ కాపురం ఉన్నాడట,
వాడి అప్పులాళ్ళు మా గడప మీద.
పదకొండు చోట్ల అర్జీ పెట్టుకున్నాను:
వాడు ఖాళీ చేశాడు బాబూ,
ఇప్పుడున్నది మేము,
బేరింగులు అమ్ముకునేవాళ్ళం.

నిద్రపట్టని రాత్రుళ్ళు లాగ్ ఫైలు చదువుతాను.
ఏ దేశంవాళ్ళో తలుపులు తడుతూ ఉంటారు.
ఒకడు అడ్మిన్ అంటాడు. ఒకడు టెస్ట్ అంటాడు.
ఇంకొకడు ఓపికగా
అనిత, అను, అనూష అని
అకారాది క్రమంలో పిలుస్తూ పోతాడు.
అయిదుసార్లు తప్పితే వారం పాటు
సర్వర్ వాడి మొహం చూడదు.
ఆ రూలు రాసింది నేనే.

ఒక పిలుపు మాత్రం పొద్దున తొమ్మిదీ పదికి వస్తుంది,
ఆదివారం తప్ప,
పెరంబూరు నుంచి,
ఆదికేశవులు అన్న పేరుతో.
ముప్పై ఒక్కేళ్ళు మా లెక్కలు రాసిన చెయ్యి.
ఆ ఉత్తరాన్ని గమనించిన చెయ్యి.
పొమ్మని ఎవరూ అనలేదు.
నెలాఖరున తాళాలు బల్ల మీద పెట్టి
కళ్ళజోడు డబ్బా మర్చిపోయి వెళ్ళారు.
ఆ సాయంత్రమే ఆయన ఖాతా మూశాను.
మూయాలి.

ఫోన్ చేశాను.
"మెయిలు చెడిపోయిందా తల్లీ?
చక్రం తిరగతానే ఉండాది."
"ఏం కావాలి సార్?"
"బ్యాంకుకి రాసుంటినే, దుడ్డు ఇప్పించమని.
జవాబు వచ్చుంటాదేమో."

వెతికాను.
ఇన్‌బాక్సులో, స్పామ్‌లో, మొన్నటి బ్యాకప్‌లో.
ఆయన రాసినవి పదిహేడు.
వాళ్ళు రాసింది ఒక్కటే:
మీ ఫిర్యాదు అందినది. దీనికి జవాబు రాయవద్దు.
మిగతా పదహారూ దానికి ఆయన రాసిన జవాబులు.
ప్రతిదాని చివరా
తమ విధేయుడు.

ఖాతా తెరవలేదు.
దామోదరం గారు అడిగినా తెరవను.
కానీ వేటు పడ్డవాళ్ళకి సర్వర్ ఏ మాటా చెప్పదు,
తెర మీద చక్రం అలా తిరుగుతుంటుంది,
లోపల ఎవరో లేచి వస్తున్నట్టు.
పెరంబూరు అడ్రసు ఒక్కటి
ఆ జాబితాలోంచి తీసేశాను.

మర్నాడు తొమ్మిదీ పదికి వచ్చారు.
పాస్‌వర్డ్ తప్పు, అంది సర్వర్, వెంటనే.
తప్పేం కాదు, అక్షరం పొల్లుపోకుండా ఒప్పే.
ఇంతకన్నా మర్యాదగా చెప్పడం
నేను దానికి నేర్పలేదు.
తొమ్మిదీ పదకొండుకి ఇంకోసారి.
అంతే.

పదిహేడూ ప్రింటు తీశాను.
కళ్ళజోడు డబ్బా కూడా సంచిలో వేసుకుని
బీచ్ స్టేషన్ వైపు నడిచాను.